లాంబ్డా రెప్రెసర్: వేడికి తట్టుకోదు, యూవీకి లొంగదు, కరగాల్సిన కల్చర్ కరగదు. ఎందుకు?

పుత్తూరు_మైక్రో:

సార్లకీ మేడమ్‌లకీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ చేస్తా ఉన్నాం. నలుగురం కలిసి లాంబ్డా ఫేజ్ (బాక్టీరియాని పట్టే వైరస్)ని నిద్రలో ఉంచే సీఐ రెప్రెసర్ ప్రొటీన్ మీద ప్రాజెక్టు తీసుకున్నాం. ఈ.కోలై లైసోజెన్ (లోపల ఫేజ్ నిద్రపోతా ఉన్న బాక్టీరియా) ఇంకో ల్యాబ్ నుంచి తెచ్చుకున్నాం. ట్యూబు మీద "సీఐ857 లైసోజెన్" అని మాత్రమే రాసుంది. మూడు విషయాలు అర్థం కావడం లేదు.

ఒకటి: 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేట్లు జనవరిలో బాగా వచ్చినాయి. ఏప్రిల్ నుంచి అదే ఇంక్యుబేటర్, అదే 30, కానీ ఒకసారి ఏమీ రావు. ఒకసారి అంచులు చిరిగినట్టు సన్న కాలనీలు వస్తాయి, వాటి మధ్యలో రెండు మూడు మాత్రం పెద్దగా, నున్నగా ఉంటాయి.

రెండు: ఎల్బీ (పోషక ద్రవం)లో ఓడీ (కల్చర్ మబ్బుతనం కొలత) 0.4 దాకా పెంచిన కల్చర్ 10 మి.లీ. పెట్రీ ప్లేటులో పోసి, మూత తీసి, హుడ్‌లో యూవీ దీపం కింద 30 సెకన్లు, ఒక నిమిషం, రెండు నిమిషాలు పెట్టినాం. తర్వాత షేకర్‌లో మూడు గంటలు ఉంచినాం. ఓడీ పడలేదు.

మూడు: 42 డిగ్రీల వాటర్ బాత్‌లో 15 నిమిషాలు పెట్టి, ఆ తర్వాత 37 షేకర్‌కి మార్చినాం. గంటలో కల్చర్ తేటపడాలని పుస్తకంలో ఉంది. రెండు గంటలైనా తేటపడలేదు. ఓడీ 0.45 నుంచి 0.9 దాకా పోయి అక్కడే నిలబడిపోయింది.

ఇంతకీ రెప్రెసర్ పని చేస్తా ఉందా, లేదా? 42లో ఈ ప్రొటీన్ విప్పుకుపోతుందని ఒకరు, యూవీ పెడితే తెగిపోతుందని ఇంకొకరు చెప్తారు. ఒకే ప్రొటీన్‌కి ఈ రెండూ ఎట్లా కుదురుతాయి? నిర్మాణం వైపు నుంచి చెప్తే రికార్డులో రాసుకుంటాం.

---

అలిపిరి_ఫేజ్:

మీ మొదటి సమస్య ప్రొటీన్‌ది కాదమ్మా, ఇంక్యుబేటర్‌ది. మామూలు ఇంక్యుబేటర్‌లో హీటర్ మాత్రమే ఉంటుంది, చల్లబరిచే కంప్రెసర్ ఉండదు. గది కంటే పైకి తీసుకుపోగలదు గానీ గది కంటే కిందికి దింపలేదు. జనవరిలో గది 25 దగ్గర ఉంటుంది కాబట్టి 30 అంటే 30 నిలబడింది. మే నెలలో మన ఊళ్ళో ఏసీ లేని గది పగలు 36, 37కి పోవడం మామూలే, రాత్రికి కూడా పెద్దగా తగ్గదు. అట్లాంటి గదిలో 30కి పెట్టిన పెట్టె లోపల గదికి ఎంత ఉందో అంతా ఉంటుంది, దాని మీద లోపలి ఫ్యాను వేడి అదనం. షేకర్ అయితే మోటారు ఇంకో డిగ్రీ, రెండు డిగ్రీలు కలుపుతుంది. డిస్‌ప్లే మీద అంకె చూసి సంతోషపడొద్దు. ఫ్లాస్కులో 100 మి.లీ. నీళ్ళు పోసి, థర్మామీటర్ బుడ్డి మునిగేట్టు లోపల పెట్టి, మధ్యాహ్నం రెండింటికోసారి, రాత్రి పదింటికోసారి చదవండి. సీఐ857 పెంచాలంటే కంప్రెసర్ ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ కావాల్సిందే, లేదా ఏసీ గదిలో పెట్టాలి. 32 దాటకుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు ప్రొటీన్ సంగతి. రెప్రెసర్ గొలుసు ఒక్కోటి 236 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 26 కిలోడాల్టన్లు. రెండు గట్టి ముద్దలు, వాటి మధ్య ఒక వదులు తాడు అనుకోండి. 1 నుంచి 92 దాకా ఎన్ డొమైన్, 132 నుంచి 236 దాకా సీ డొమైన్, మధ్యలో ఉన్న 39 రెసిడ్యూలు (అమైనో ఆమ్లాలు) లింకర్. ఎన్ డొమైన్ డీఎన్ఏని పట్టుకుంటుంది. సీ డొమైన్ ఇంకో రెప్రెసర్‌ని పట్టుకుంటుంది. మీ ప్రశ్నలన్నిటికీ మూలం ఈ పని విభజనలోనే ఉంది.

ఈ ప్రొటీన్‌ని 1967లో మార్క్ ప్టాష్నే విడదీశారు. ఎన్ డొమైన్ ఆకారాన్ని 1982లో పాబో, లూయిస్ ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీతో చూపించారు. డీఎన్ఏని పట్టుకుని ఉన్న రూపం 1988లో జోర్డన్, పాబోల నుంచి వచ్చింది. అందులో ఐదు ఆల్ఫా హెలిక్స్‌లు ఉంటాయి. రెండోది, మూడోది కలిసి హెలిక్స్-టర్న్-హెలిక్స్. రెండోది డీఎన్ఏ వెన్నెముక మీద ఆనుకుంటుంది, మూడోది పెద్ద గాడిలోకి దిగి బేసుల అంచులు తడుముతుంది.

దగ్గరి నుంచి చూడండి. రెప్రెసర్ కూర్చునే డీఎన్ఏ చోటుని ఆపరేటర్ అంటారు. ఓఆర్1 ఆపరేటర్ 17 బేస్ జతలు: టీ ఏ టీ సీ ఏ సీ సీ జీ సీ సీ ఏ జీ ఏ జీ జీ టీ ఏ. మొదటి సగంలో రెండో జతలో ఉన్న అడెనిన్‌ని మూడో హెలిక్స్ మొదట్లో ఉన్న గ్లుటమిన్ 44 రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. నాలుగో జతలోని గ్వానిన్‌ని సెరిన్ 45 పట్టుకుంటుంది. గొలుసు మొదట్లోని ఐదారు రెసిడ్యూలు చేయి చాపినట్టు డీఎన్ఏ చుట్టూ తిరిగి వెనక వైపు గాడిని తాకుతాయి. రెండో సగాన్ని డైమర్ (రెండు గొలుసుల జత)లో రెండో గొలుసు ఇట్లాగే పట్టుకుంటుంది. ఒక్క గొలుసు ఒంటరిగా వస్తే సగం సైటే చదవగలదు, ఆ పట్టు నిలబడదు. డైమర్ అవ్వడానికి ముఖ్యమైన బలం సీ డొమైన్‌ల నుంచి వస్తుంది, ఎన్ డొమైన్‌ల ఐదో హెలిక్స్‌లు కొంచెం సాయం చేస్తాయి.

"42లో ప్రొటీన్ విప్పుకుపోతుంది" అనే మాట రికార్డులో అట్లాగే రాయొద్దు. మామూలు రెప్రెసర్ 42లో ఏమీ కాదు. దాని ఎన్ డొమైన్ విప్పుకోవడానికి 50 దాటాలి, సీ డొమైన్ 70 దాకా ఓర్చుకుంటుంది. మామూలు లాంబ్డా లైసోజెన్‌ని 42లో పెంచినా ఫేజ్ నిద్రలోనే ఉంటుంది. సీఐ857 ప్రత్యేకత ఒక్కటే మార్పు: 66వ స్థానంలో అలనీన్ బదులు థ్రియొనీన్. అది నాలుగో హెలిక్స్‌లో, ఎన్ డొమైన్ లోపలి వైపు. చిన్న అలనీన్ సరిపోయిన ఇరుకులో పెద్ద థ్రియొనీన్ దూరితే కట్టడం వదులవుతుంది. 30లో నిలబడుతుంది, వేడి పెరిగేకొద్దీ విప్పుకుంటుంది, 38 దాటితే దాదాపు అంతా పోతుంది. అంటే వేడి కొట్టేది ఎన్ డొమైన్ మీద.

యూవీ కొట్టేది వేరే చోట. దాని గురించి చంద్రగిరి మేడం రాస్తే బాగుంటుంది. మీ స్ట్రెయిన్‌లో యూవీకి రెప్రెసర్ తెగకుండా చేసే ఇండ్1 మ్యుటేషన్ కూడా ఉందని నా లెక్క.

---

చంద్రగిరి_జీన్:

అలిపిరి సార్ లెక్క నిజమే కావచ్చు, కానీ ఆ యూవీ ప్రయోగం మీద నిలబడి ఆ మాట చెప్పలేం. ఆ ప్రయోగం చేసిన తీరులో ఏ లైసోజెన్ పెట్టినా లేవకపోయే అవకాశం ఉంది.

మీరు ఎల్బీలోనే యూవీ పెట్టారు. ఎల్బీలో ట్రిప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉన్నాయి, అవి 254 నానోమీటర్ల కిరణాల్ని బాగా పీల్చేస్తాయి. పై పొరలో ఉన్న కణాలకి దెబ్బ తగిలుంటుంది, కింద ఉన్నవి హాయిగా ఉండుంటాయి. ఆ తర్వాత మామూలు వెలుతురులో షేకర్‌లో పెట్టారు. ఈ.కోలైలో ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ నీలి వెలుతురు తీసుకుని యూవీ చేసిన థైమిన్ డైమర్లని (డీఎన్ఏలో పక్కపక్క థైమిన్‌లు అతుక్కున్న చోట్లని) సరిచేసేస్తుంది. మీరు చేసిన దెబ్బని కిటికీలోంచి వచ్చే ఎండ మాన్పేసింది.

మళ్ళీ ఇట్లా చెయ్యండి. 30లో ఓడీ 0.4 వచ్చాక 4000 జీ దగ్గర ఐదు నిమిషాలు తిప్పి, ఎల్బీ పూర్తిగా పారబోసి, అంతే పరిమాణం చల్లటి 10 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌లో కలపండి. 90 మి.మీ. ప్లేటులో 5 మి.లీ. పోస్తే లోతు ఒక మి.మీ. కూడా రాదు, అదే కావాలి. దీపం 15 నిమిషాల ముందే వెలిగించి ఉంచండి, కొత్తగా వెలిగిన దీపం బలం నిలకడగా ఉండదు. 50 సెం.మీ. దూరంలో మూత తీసి, మెల్లగా తిప్పుతూ 5, 10, 20, 40 సెకన్లు. చేతికి గ్లౌజు, మొహానికి షీల్డు లేకుండా ఈ పని చెయ్యొద్దు. ఆ తర్వాత రెట్టింపు గాఢత ఎల్బీ సమానంగా కలిపి, ఫ్లాస్కుకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి షేకర్‌లో పెట్టండి. షేకర్ 37లో కాదు, 30లోనే. మీది సీఐ857 కాబట్టి 37లో పెడితే వేడికి లేచిందో యూవీకి లేచిందో తేల్చుకోలేరు. 30లో ఫేజ్ చక్రం నెమ్మదిగా నడుస్తుంది, నాలుగు గంటలు చూడండి.

పక్కన తప్పకుండా మామూలు లాంబ్డా లైసోజెన్ ఒకటి కంట్రోల్‌గా పెట్టండి. అది కరిగితేనే మీ దీపం, మీ మోతాదు సరైనవని అర్థం.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. హోస్టు (ఫేజ్ ఉన్న బాక్టీరియా స్ట్రెయిన్) డీహెచ్5ఆల్ఫా లాంటిదైతే అందులో రెక్‌ఏ (డీఎన్ఏ దెబ్బకి స్పందించే ప్రొటీన్) పని చెయ్యదు. రెక్‌ఏ లేకపోతే ఎంత యూవీ పెట్టినా రెప్రెసర్ తెగదు. దీనికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ప్లేటు మీద మీ స్ట్రెయిన్‌నీ, రెక్‌ఏ బాగున్న మామూలు స్ట్రెయిన్‌నీ పక్కపక్కన గీత గీసి, అట్టముక్క అడ్డం జరుపుకుంటూ 0, 5, 10 సెకన్లు యూవీ చూపించి, ఫాయిల్ చుట్టి 30లో పెట్టండి. రెక్‌ఏ లేనిది ఐదు సెకన్ల దగ్గరే తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక నిర్మాణం. యూవీ నేరుగా రెప్రెసర్‌ని కొయ్యదు. డీఎన్ఏ దెబ్బతిని ఒంటి పోగు బయటపడితే దాని మీద రెక్‌ఏ వరసగా పేరుకుంటుంది. ఆ రెక్‌ఏ తీగ పక్కకి వచ్చిన రెప్రెసర్ తన గొలుసుని తానే తెంపుకుంటుంది. కత్తి రెక్‌ఏది కాదు, రెప్రెసర్‌దే. సీ డొమైన్‌లో సెరిన్ 149, లైసిన్ 192 కలిసి లింకర్‌లో అలనీన్ 111కి, గ్లైసిన్ 112కి మధ్య కోస్తాయి. రెక్‌ఏ లేకుండా కూడా పీహెచ్ క్షారం వైపు పెంచితే ఈ కోత దానంతటదే జరుగుతుందని జాన్ లిటిల్ 1984లో చూపించారు. బాక్టీరియా సొంత లెక్స్‌ఏ రెప్రెసర్‌కి కూడా ఇదే యంత్రాంగం ఉంది. అది తొందరగా తెగుతుంది, లాంబ్డాది నిదానంగా తెగుతుంది. అందుకే కొద్దిపాటి దెబ్బకి బాక్టీరియా రిపేరు మొదలుపెడుతుంది గానీ ఫేజ్ లేవదు. దెబ్బ పెద్దదై చాలాసేపు నిలిస్తేనే ఫేజ్ ఆ ఇల్లు ఖాళీ చేస్తుంది.

కోత పడితే ఎన్ డొమైన్‌కి ఏమీ కాదు, అది చక్కగా మడిచే ఉంటుంది. కానీ తన జతని పట్టుకునే సీ డొమైన్ ఊడిపోయింది కాబట్టి డైమర్ నిలబడదు, డీఎన్ఏ మీంచి జారిపోతుంది. వేడి ఒక చివర కొడుతుంది, యూవీ నడుము దగ్గర కొడుతుంది. ఇండ్1 అంటే 117లో గ్లుటమిక్ ఆమ్లం బదులు లైసిన్. కోత స్థలానికి ఐదారు రెసిడ్యూల దూరమే. ఈ మార్పు ఉంటే రెక్‌ఏ పక్కన ఉన్నా రెప్రెసర్ తెగదు. డీఎన్ఏని దెబ్బతీసే మైటోమైసిన్ సీ వేసినా ఇదే ఫలితం, అది కూడా రెక్‌ఏ దారిలోంచే పని చేస్తుంది.

---

మదనపల్లె_ల్యాబ్:

మూడో ప్రశ్నకి నేను చెప్తా. ఓడీ రెట్టింపై ఆగిపోయిందన్నారు కదా, అదే గుట్టు చెప్తా ఉంది. ఫేజ్ లేవకపోయి ఉంటే రెండు గంటల్లో ఓడీ 2 దాటి పోయేది. కణాలు పెరగడం ఆపేసినాయి గానీ పగల్లేదు. ఇది ఫేజ్‌లో ఎస్ఏఎమ్7 అనే మ్యుటేషన్ లక్షణం.

లాంబ్డా బయటికి రావడానికి రెండు పనిముట్లు కావాలి. ఆర్ జీన్ నుంచి వచ్చే ఎండోలైసిన్ గోడని తినేస్తుంది. ఎస్ జీన్ నుంచి వచ్చే హోలిన్ లోపలి పొరకి బొక్కలు పెడుతుంది, ఆ బొక్కల్లోంచే ఎండోలైసిన్ గోడ దాకా పోతుంది. ఎస్ఏఎమ్7లో ఎస్ జీన్ మధ్యలో ఆంబర్ స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపేసే గుర్తు) పడింది. సప్రెసర్ (ఆ గుర్తుని దాటించే టీఆర్ఎన్ఏ) లేని హోస్టులో హోలిన్ తయారవ్వదు. ఎండోలైసిన్ లోపల పేరుకుంటూ ఉంటుంది, ఫేజులు కూడా లోపలే పోగవుతాయి, తలుపు మాత్రం తెరుచుకోదు.

పరీక్ష ఐదు నిమిషాల పని. ఇండక్షన్ చేసి రెండు గంటలైన కల్చర్ 1 మి.లీ. గాజు ట్యూబులో తీసుకుని రెండు చుక్కలు క్లోరోఫామ్ వేసి, బాగా కలిపి, 37లో పెట్టండి. వేడి పెట్టని కల్చర్ ఇంకో ట్యూబులో అట్లాగే చెయ్యండి. క్లోరోఫామ్ లోపలి పొరని చెడగొడుతుంది, హోలిన్ చెయ్యాల్సిన పని అది చేసేస్తుంది. లేచిన కల్చర్ ఐదు పది నిమిషాల్లో తేటపడి, డీఎన్ఏ బయటికొచ్చి గంజిలాగా సాగుతుంది. లేవనిది మబ్బుగానే ఉంటుంది. పాలీస్టైరీన్ ట్యూబు వాడితే క్లోరోఫామ్‌కి ట్యూబే మసకబారుతుంది, అది చూసి కల్చర్ తేటపడలేదనుకుంటారు. గాజు గానీ పాలీప్రొపిలీన్ గానీ వాడండి.

42కి తీసుకుపోయే పద్ధతి కూడా మార్చండి. 50 మి.లీ. ఫ్లాస్కుని వాటర్ బాత్‌లో దింపితే లోపలి కల్చర్ 42 చేరడానికే చాలా నిమిషాలు పడుతుంది. మీరు లెక్కపెట్టిన 15 నిమిషాల్లో సగం దారిలోనే గడిచిపోయి ఉంటుంది. 30లో ఉన్న కల్చర్ 25 మి.లీ., 54 డిగ్రీల ఎల్బీ 25 మి.లీ. కలపండి, నిమిషంలో 42 వస్తుంది. ఫ్లాస్కు ముందే వెచ్చబెట్టి ఉంచకపోతే గాజు రెండు డిగ్రీలు తినేస్తుంది. కలిపాక బాత్‌లో 15 నుంచి 20 నిమిషాలు, తర్వాత 37 లేదా 38లో గట్టిగా తిప్పండి. ఫ్లాస్కులో ఐదో వంతు కంటే ఎక్కువ నింపొద్దు, గాలి చాలకపోతే ఫేజ్ దిగుబడి పడిపోతుంది. చివరిదాకా 42లోనే ఉంచితే కణాలు నీరసించి ఫేజులు తక్కువ వస్తాయి.

ఇంకో సంగతి. మీ ఫ్రిజ్‌లో లాంబ్డా డీఎన్ఏ వయల్ ఉంటే దాని కాగితం చదవండి. జెల్ మార్కర్ కోసం అమ్మే 48,502 బేస్ జతల డీఎన్ఏ మామూలుగా సీఐ857 ఇండ్1 ఎస్ఏఎమ్7 నుంచి తీసిందే. వేడితో ఒకేసారి లేపొచ్చు, పొరపాటున డీఎన్ఏ దెబ్బతిన్నా లేవదు, లేచాక పగలకుండా లోపలే పోగవుతుంది కాబట్టి సెంట్రిఫ్యూజ్ చేసి కణాలనే తీసుకోవచ్చు. డీఎన్ఏ తయారు చేసేవాళ్ళకి ఈ మూడూ కావాలి. అదే స్ట్రెయిన్ మీ చేతికి వచ్చినట్టుంది.

---

పుత్తూరు_మైక్రో:

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే చేసినాం.

30కి పెట్టిన ఇంక్యుబేటర్‌లో నీళ్ళ థర్మామీటర్ మధ్యాహ్నం 36.5, రాత్రి పదికి 34 చూపించింది. డిస్‌ప్లే మీద మాత్రం 30 అనే ఉంది. బీఓడీకి మార్చినాక కాలనీలు మళ్ళీ సమంగా వస్తా ఉన్నాయి.

మెగ్నీషియం సల్ఫేట్‌లో యూవీ పెడితే కంట్రోల్ లైసోజెన్ 20 సెకన్ల మోతాదుకి మూడున్నర గంటల్లో తేటపడింది. మాది తేటపడలేదు. గీతల పరీక్షలో మా స్ట్రెయిన్ 10 సెకన్లు తట్టుకుంది, అంటే రెక్‌ఏ ఉంది.

క్లోరోఫామ్ వేస్తే వేడి పెట్టిన కల్చర్ ఏడు నిమిషాల్లో నీళ్ళలాగా అయిపోయి, పిపెట్‌తో లాగితే తీగలాగా సాగింది. వేడి పెట్టనిది అట్లాగే ఉంది.

ఒక్కటి మిగిలింది. 32కీ 36కీ నాలుగు డిగ్రీలే తేడా. రెప్రెసర్‌లో కొంత భాగం పోయినా కొంత మిగిలే ఉంటుంది కదా. ఆ మిగిలినది ఎందుకు కాపాడలేదు?

---

అలిపిరి_ఫేజ్:

మంచి ప్రశ్న. జవాబు సీ డొమైన్‌లో ఉంది.

లైసోజెన్ కణంలో రెప్రెసర్ గొలుసులు ఇంచుమించు రెండు వందలు. ఈ.కోలై కణం ఘనపరిమాణం సుమారు ఒక ఫెమ్టోలీటర్ కాబట్టి ఒక్క మాలిక్యూల్ అంటే 1.6 నానోమోలార్, రెండు వందలంటే 300 దాటి. రెండు గొలుసులు డైమర్ అయ్యే కేడీ (విడిపోయే స్థిరాంకం, తక్కువైతే పట్టు గట్టిది) 20 నానోమోలార్ దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి మామూలు రోజుల్లో ఎక్కువ భాగం డైమర్లుగానే ఉంటాయి.

కుడి ఆపరేటర్‌లో మూడు సైట్లు వరసగా ఉంటాయి: ఓఆర్3, ఓఆర్2, ఓఆర్1. ఓఆర్1 వైపు నుంచి పీఆర్ ప్రమోటర్ (జీన్ చదవడం మొదలయ్యే చోటు) కుడికి చదివి క్రో జీన్‌తో మొదలుపెడుతుంది. ఓఆర్3 వైపు నుంచి పీఆర్ఎం ఎడమకి చదివి సీఐ జీన్‌నే తయారు చేస్తుంది. ఓఆర్1 మీద పట్టు అన్నిటికంటే గట్టిది. ఓఆర్2 మీద సొంత పట్టు తక్కువే, కానీ ఓఆర్1 మీద కూర్చున్న డైమర్ తన సీ డొమైన్‌తో పక్కవాడిని లాక్కుంటుంది. ఈ జత వల్ల పీఆర్ మూతపడుతుంది.

ఓఆర్2 మీద కూర్చున్నవాడికి ఇంకో పని ఉంది. వాడి ఎన్ డొమైన్‌లో ఆస్పార్టిక్ ఆమ్లం 38, పీఆర్ఎం మీద ఉన్న ఆర్ఎన్ఏ పాలిమరేజ్ సిగ్మా భాగాన్ని తాకి, సీఐ తయారీని పది రెట్ల దాకా పెంచుతుంది. డీఎన్ఏని చక్కగా పట్టుకుని, ఈ తాకడం మాత్రం చెయ్యలేని మ్యుటెంట్లు ఉన్నాయి. పట్టుకోవడం, ప్రేరేపించడం వేరు వేరు ముఖాల పనులని తేలింది వాటివల్లే.

ఇప్పుడు మీ నాలుగు డిగ్రీలు. ఒక్కో మాలిక్యూల్ విడివిడిగా కూర్చునే సాదా రెప్రెసర్ అయితే, సైటు 99 శాతం నిండి ఉన్న స్థితి నుంచి 50 శాతానికి దిగాలంటే గాఢత 99 రెట్లు తగ్గాలి. కాగితం మీద వేసి చూసుకోవచ్చు. కలిసి కూర్చునే చోట, హిల్ గుణకం (కలిసి కూర్చునే బలానికి కొలత) 2 అయితే పది రెట్లు తగ్గితే చాలు. 3 అయితే నాలుగున్నర రెట్లు చాలు. లాంబ్డాలో గొలుసులు డైమర్ అవ్వాలి, డైమర్లు జత కట్టాలి, ఆ పైన 2.4 కిలోబేస్‌ల దూరంలో ఉన్న ఎడమ ఆపరేటర్ డైమర్లతో డీఎన్ఏ మెలిక వేసుకుని ఎనిమిది గొలుసుల ముద్ద కావాలి. ప్రతి మెట్టు దగ్గరా గాఢత తగ్గుదల హెచ్చవుతుంది. 36లో ఐదింట నాలుగు వంతులు విప్పుకుపోతే, మిగిలిన ఐదో వంతు ఐదో వంతు రక్షణ ఇవ్వదు. అంతకంటే చాలా తక్కువ ఇస్తుంది.

పైగా ఓఆర్2 ఖాళీ అయితే కొత్త సీఐ తయారీ కూడా పడిపోతుంది. తగ్గుదలే ఇంకా తగ్గుదలని తెస్తుంది. ఈలోపు పీఆర్ తెరుచుకుని క్రో తయారవుతుంది. క్రో కూడా అవే సైట్లు చదువుతుంది, కానీ దానికి ఇష్టమైనది ఓఆర్3. అక్కడ కూర్చుంటే పీఆర్ఎం మూతపడుతుంది. ఇక సీఐ తిరిగి రాదు. అందుకే మీ 36.5 ఇంక్యుబేటర్‌లో సన్న కాలనీలు చిరిగినట్టు కనిపించినాయి, పెరిగే కాలనీలోనే కణాలు ఒక్కొక్కటి చచ్చిపోతా ఉన్నాయి.

ఓఆర్3 గురించి వైవాలో అడుగుతారు కాబట్టి ఒక మాట. సీఐ మరీ ఎక్కువైతే అదే ఓఆర్3 మీద కూర్చుని తన తయారీని తానే తగ్గించుకుంటుంది. ఎడమ ఆపరేటర్‌తో మెలిక పడితేనే ఇది కణంలోని మామూలు గాఢతల దగ్గర జరుగుతుంది. దీని ఫలితం యూవీ దగ్గర కనిపిస్తుంది: రెప్రెసర్ నిల్వ అతిగా పెరగకుండా ఉంటేనే రెక్‌ఏ దాన్ని సమయానికి ఖాళీ చెయ్యగలదు.

---

పీలేరు_జీనోమ్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు సార్. రీకాంబినీరింగ్‌కి (ఫేజ్ ప్రొటీన్లతో డీఎన్ఏని మార్చే పద్ధతికి) వాడే డీవై380 స్ట్రెయిన్‌లో కూడా సీఐ857 ప్రొఫేజే (నిద్రలో ఉన్న ఫేజ్ డీఎన్ఏ) ఉంది. 42లో 15 నిమిషాలు పెట్టి మంచులో దింపితే ఆ కణాలు బతికే ఉంటాయి. అవి ఎందుకు చావవు?

---

అలిపిరి_ఫేజ్:

అందులో ప్రొఫేజ్ కుంటిది. క్రో నుంచి బ్యాక్టీరియా బయోఏ దాకా తీసేశారు. ఫేజ్ పెరగడానికి, పగలడానికి కావాల్సినవి లేవు, క్రో కూడా లేదు. సీఐ857 చల్లబడితే మళ్ళీ మడుచుకుంటుంది, అడ్డుకోవడానికి క్రో లేదు కాబట్టి తిరిగి పట్టు దొరుకుతుంది. అయినా 15 నిమిషాలు దాటించొద్దు. పీఎల్ (ఎడమ వైపు ప్రమోటర్) తెరుచుకున్నంతసేపూ కిల్ జీన్ కూడా పని చేస్తుంది, కణాలు విభజన ఆపేసి సాగి చచ్చిపోతాయి. 15 నిమిషాలు కాగానే ఫ్లాస్కుని ఐస్-నీళ్ళ గుజ్జులో తిప్పుతూ చల్లబరచాలి. పొడి ఐస్ ముక్కల మీద ఫ్లాస్కు పెడితే అడుగు మాత్రమే చల్లబడుతుంది.

---

మదనపల్లె_ల్యాబ్:

పుత్తూరు తమ్ముళ్ళకి ఒక హెచ్చరిక. ఎండాకాలం ప్లేట్లలో మధ్యలో రెండు మూడు పెద్ద నున్నటి కాలనీలు వచ్చినాయని రాసినారు. వాటిని "బాగా వచ్చినాయి" అని ఎంచుకుని స్టాక్ చేసినారా? చేసి ఉంటే ఆ స్టాక్ పారేయండి. 36లో హాయిగా పెరిగిందంటే అందులో ప్రొఫేజ్ ఊడిపోయి ఉండాలి, లేదా ఫేజ్‌ని చంపే మ్యుటేషన్ పడి ఉండాలి. వేడి గదిలో మీకు తెలియకుండానే లైసోజెన్ కానివాటిని మీరే ఏరినట్టు అవుతుంది. తర్వాత ఎన్ని ప్రయోగాలు చేసినా ఏమీ లేవదు, కారణం దొరకదు.

ఇప్పుడు బీఓడీలో వచ్చినవాటిలోంచి పది కాలనీలు తీసుకోండి. ఒక్కో కాలనీని ఒకే టూత్‌పిక్‌తో రెండు ప్లేట్ల మీద చుక్క పెట్టండి, ముందు 42కి పోయే ప్లేటు, తర్వాత 30కి పోయేది. 30లో పెరిగి 42లో పెరగనిదే నిజమైన సీఐ857 లైసోజెన్. వాటిలో రెండిటికి ఇమ్యూనిటీ పరీక్ష చెయ్యండి: ప్లేటు మీద లాంబ్డా సీఐ మ్యుటెంట్ ఫేజ్ ఒక గీత, లాంబ్డా విర్ ఇంకో గీత గీసి, ఆరాక వాటికి అడ్డంగా మీ కాలనీని గీసి 30లో ఉంచండి. లైసోజెన్ మొదటి గీత దాటి పెరుగుతుంది, ఎందుకంటే లోపల ఉన్న రెప్రెసర్ వచ్చిన ఫేజ్ ఆపరేటర్లని కూడా మూసేస్తుంది. రెండో గీత దగ్గర ఆగిపోతుంది, విర్‌లో ఆపరేటర్లే మారిపోయినాయి, రెప్రెసర్‌కి పట్టు దొరకదు. రెండు గీతలూ దాటి పెరిగితే అది లైసోజెన్ అని లెక్క కాదు, ఫేజ్ అంటుకునే లామ్‌బీ రిసెప్టర్ పోయిన కణం కావచ్చు.

మీ ఫేజ్‌లో నిజంగా ఎస్ఏఎమ్7 ఉందని ప్లాకులతో (ఫేజ్ కణాల్ని పగలగొట్టిన మచ్చలతో) తేల్చుకోవాలంటే క్లోరోఫామ్ వేసిన లైసేట్‌ని (పగిలిన కల్చర్‌ని) ఎల్ఈ392 స్ట్రెయిన్ మీద, సప్రెసర్ లేని ఇంకో స్ట్రెయిన్ మీద ఒకేసారి పోయండి. ఎస్ఏఎమ్7కి సప్‌ఎఫ్ అనే సప్రెసర్ కావాలి, సప్‌ఈ అనే సప్రెసర్ ఒక్కటే ఉంటే సరిపోదు. ఎల్ఈ392లో రెండూ ఉన్నాయి. హోస్టుని 0.2 శాతం మాల్టోజ్, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ ఉన్న ఎల్బీలో రాత్రంతా పెంచండి, మాల్టోజ్ ఉంటేనే లామ్‌బీ బాగా తయారవుతుంది. గ్లూకోజ్ కలపొద్దు, అది ఆ తయారీని ఆపేస్తుంది. హోస్టు 0.2 మి.లీ., పలచన చేసిన ఫేజ్ 0.1 మి.లీ. కలిపి 20 నిమిషాలు ఉంచి, 0.7 శాతం టాప్ అగార్ 3 మి.లీ. వేసి ప్లేటు మీద పోయండి. టాప్ అగార్ 47 దాటి వేడిగా ఉంటే హోస్టు చచ్చిపోతుంది, 42 కంటే చల్లబడితే గడ్డలు కడుతుంది. ఎల్ఈ392 మీద 37లో తేట ప్లాకులు, 30లో మసక ప్లాకులు రావాలి. సప్రెసర్ లేనిదాని మీద ప్లాకులు రాకూడదు.

రెండు పరీక్షలూ నెగ్గిన కాలనీని 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో కనీసం ఐదు వయల్స్ చేసి దాచండి. వయల్ మీద "సీఐ857 ఇండ్1 ఎస్ఏఎమ్7, 30లోనే పెంచాలి, బీఓడీ" అని పూర్తిగా రాయండి. బీఓడీకి కరెంటు పోతే ఈ ఎండల్లో రెండు మూడు గంటల్లోనే లోపల 35 దాటుతుంది. తెల్లారి కరెంటు వచ్చినా అందులో ఉన్న ప్లేట్ల నుంచి స్టాక్ చెయ్యొద్దు, ఫ్రీజర్ వయల్ నుంచే మళ్ళీ గీయండి.